లోపాల కాగితం

రిబ్బన్ కత్తిరించడానికి నాలుగు రోజుల ముందు
మమ్మల్నే అతిథులుగా దించారు.
"ఒక్క రాత్రి పడుకోండి, కనబడ్డ లోపమల్లా రాయండి" అని
క్లిప్పు పెట్టిన అట్ట ఒకటి, పెన్ను ఒకటి.
పదమూడేళ్లుగా వెనక మెట్ల మీదే ఎక్కినదాన్ని,
ఆ సాయంత్రం ముందు తలుపు తెరిచి నిలబడ్డాడు పైడయ్య.
నవ్వు ఆగక టోపీ కిందికి లాక్కున్నాడు.

తొమ్మిది వందల పద్నాలుగు.
ఈ గది నాకు పాతదే.
హుద్‌హుద్ నాడు పగిలిన కిటికీకి అంటించిన టేపు జిగురు
గోకి గోకి నా బొటనవేలి గోరు అరిగింది.
కిటికీ వార తుప్పు కారిన చార ఒకటుండేది,
ఎంత రుద్దినా వర్షాకాలానికి మళ్లీ వచ్చేది.
ఇప్పుడు చారా లేదు, ఆ గోడా లేదు.
అంతా తడి ఇసక రంగు.
దీపాలకి స్విచ్చి లేదు, చేయి ఊపితే చాలు.
నేను పమిట సర్దుకున్నాను, గది చీకటైంది.
రాశాను:
ఒకటి. పమిట సర్దుకుంటే దీపాలు ఆరిపోతున్నాయి.
రెండు. వేడినీళ్ల కొళాయి తిప్పితే పిల్లి తోక తొక్కినట్టు అరుపు.
మూడు. కిటికీ తెర పూర్తిగా మూసుకోదు, వేలెడు సందు.
నాలుగు. హేంగర్లు ఆరే, కార్డు మీద ఎనిమిదని ఉంది.
దిండ్ల పట్టీ చదివాను: గట్టిది, మెత్తది, మెడనొప్పి వాళ్లది, బూరుగుదూదిది.
బూరుగుదూదిది పంపమంటే
"అది ఇంకా రాలేదు, మేడమ్" అంది ఫోన్లో శ్రావ్య.
నన్ను.
ఐదు అంకె వేసి దిండు సంగతే రాశాను.

తర్వాత ఆ వేలెడు సందులోంచి చూశాను.
ఇన్నేళ్లూ ఈ అద్దంలోకి చూడ్డమంటే
మరక ఎక్కడుందా అని చూడ్డమే.
అవుటర్ హార్బర్ బయట లంగరేసిన ఓడలు,
డాల్ఫిన్ నోస్ మీంచి లైట్‌హౌసు వెలుగు
చీపురులా ఒకసారి సముద్రాన్ని ఊడ్చి పోతోంది.
ఎడమ పక్కన, బాగా కిందగా, జాలరిపేట.
వీధిదీపం పక్కన మా కప్పు, నీలం టార్పాలిన్,
దాని మీద మసేను పెట్టిన నాలుగు ఇటుకలు, పాత టైరు.
ఇంత పైనుంచి మా ఇల్లు ఎప్పుడూ చూళ్లేదు.
ఇటుక ఒకటి జారింది.
ఫోన్ చేసి చెప్పాను.
"నీకెలాగ తెల్సిందప్పా?" అన్నాడు తమ్ముడు.
"కనబడతన్నాది" అన్నాను.
నిచ్చెనెక్కి ఇటుక సర్ది, నా వైపు టార్చి ఊపాడు.
నేను చేయి ఊపాను.
గది చీకటైంది.
అదే నా జవాబనుకున్నాడో ఏమో, మళ్లీ ఊపాడు.
మళ్లీ ఊపాను, వెలిగింది.
ఎంతసేపో అలాగే.

నిద్ర పట్టలేదు.
సముద్రం అక్కడే ఉంది, చప్పుడు లేదు.
రెండు పొరల అద్దం అవతల అలలు
బుట్టలో పడ్డ చేపల్లా నోళ్లు తెరిచి మూస్తున్నాయి.
ఆరు. సముద్రం వినబడదు.
కొట్టేశాను. లోపం కాదది, లక్షలు పోసి చేయించింది.
కాసేపాగి కొట్టివేత కింద మళ్లీ రాశాను,
చిన్న అక్షరాల్లో.

తెల్లారి ఐదింటికి
నా కంటే ముందు నా చేతులు లేచాయి.
దుప్పటి దులిపి, మూలలు మడిచి, అరచేత్తో సాపు చేసి,
ఇక్కడెవరూ పడుకోలేదన్నట్టు చేసేశాయి.
"హౌస్‌కీపింగ్."
మూడు తట్లు, చివరిది నెమ్మదిగా.
దేముడమ్మకి ఆ తట్టడం నేర్పింది నేనే.
"ఏటిదప్పా, పక్కేసీసావు? నాకేటి మిగిల్చినావు?
గదికెన్ని నిమిసాలో నాను రాసుకోవాల కదా!"
దాని చేతిలోనూ ఒక అట్ట, ఒక క్లిప్పు.

చెప్పులు విప్పి మంచమెక్కాను.
కుడికీ ఎడమకీ దొర్లాను, దిండుని గుద్దాను,
దుప్పటి కాళ్లతో తన్నాను,
బిల్లు కట్టిన మనిషిలా.
ట్రాలీ ఆనుకుని, వాచీ వంక చూస్తూ
"చాల్లే, చాల్లే" అంది దేముడమ్మ.

ఇంకొంచెం దొర్లాను.